మూడు గోనె సంచుల్లో వచ్చిన జావా: పద్నాలుగు నెలల నా అనుభవం

2023 ఆగస్టు 6, ఆదివారం సాయంత్రం ఒక ట్రాలీ ఆటో మా ఇంటి ముందు ఆగింది. అందులో ఇంజను బిగించి ఉన్న ఒక ఛాసిస్ (బండి చట్రం), రెండు చక్రాలు, మూడు గోనె సంచులు, ఒక పాత నూనె డబ్బా ఉన్నాయి. ఇవన్నీ కలిపితే 1967లో మైసూరులో తయారైన జావా 250 మోటారుసైకిలు అవుతుందని అమ్మినాయన చెప్పారు. ఎవరో మెకానిక్కు సగం విప్పి వదిలేసిన బండి అది. నలభై ఎనిమిది వేలు ఇచ్చి కొన్నాను. అంతవరకు మోపెడ్ ప్లగ్గు శుభ్రం చేయడం, పంక్చరైన చక్రం ఊడదీయడం తప్ప నా చేతులతో నేను చేసుకున్న మరమ్మతు లేదు. అదే బండి తన సొంత ఇంజనుతో మా వీధి దాటింది 2024 అక్టోబరు 2న.

ఈ పద్నాలుగు నెలల్లో ఎక్కడ ఎన్ని రోజులు పోయాయో, ఏ పొరపాటుకు ఎంత మూల్యం చెల్లించానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇంటి దగ్గర మొదటిసారి ఇటువంటి పనికి పూనుకునేవారు ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు: రంగు వేయించే ముందే బండి మొత్తాన్ని ఒకసారి బిగించి, స్టార్టు చేసి, కొంత దూరం నడిపి చూడండి. నేను అలా చేయలేదు. నాకు కలిగిన బాధలో, ఖర్చులో చాలా భాగం అక్కడినుంచే వచ్చింది.

డబ్బు చేతికివ్వకముందు నేను సరిగా చేసిన పని ఒకటుంది. ఆర్‌సీ తెప్పించుకుని, ఛాసిస్ మీద కొట్టిన నంబరును, ఇంజను నంబరును తుప్పు గీకి మరీ అక్షరమక్షరం సరిచూశాను. యాభై ఏళ్లు దాటిన బండ్ల కోసం 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన కింద దరఖాస్తు చేయాలన్నా, మన దేశంలో అంతకుముందే నమోదైన బండికి పాత ఆర్‌సీ అడుగుతారు. నంబర్లు కలవకపోతే ఎంత తక్కువకు వచ్చినా కొనవద్దని నాకు తెలిసిన ఒక పాత మెకానిక్ మేస్త్రి ముందే హెచ్చరించారు. ఆ తర్వాత కూడా ప్రతి మలుపులోనూ ఆయనే నాకు దారి చూపించారు.

ఆగస్టు, సెప్టెంబరు నెలలు సంచులు విప్పి వస్తువులను వేరుచేయడానికే సరిపోయాయి. బండిని మనమే విప్పితే ప్రతి దశలోనూ ఫోటో తీసుకోవచ్చు. ఏ బోల్టు ఎక్కడిదో రాసుకోవచ్చు. ఇంకొకరు విప్పిన బండికి ఆ అవకాశం లేదు. ప్రతి వస్తువునూ కిరసనాయిలులో కడిగి, విడిభాగాల బొమ్మల పుస్తకంతో పోల్చి, చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి చీటీలు అంటించాను. లేనివాటి జాబితా రాస్తే నలభై ఒకటి తేలాయి. వాటిలో గేరు లివరు కూడా రాసుకున్నాను. నెల రోజుల తర్వాత మేస్త్రిగారు వచ్చి, ఛాసిస్‌తో వచ్చిన కిక్కు లివరును లోపలికి నొక్కి ముందుకు తిప్పి చూపించారు. ఈ బండిలో కిక్కుకూ గేరుకూ ఒకటే లివరు. అలాగే రెండో సంచి అడుగున దొరికిన తుప్పుపట్టిన మేకును పారేయబోయాను. అది మేకు కాదు, హెడ్‌లైటు మీది స్విచ్చులో గుచ్చే తాళం. జావా తాళం చూడడానికి అచ్చం మేకులాగే ఉంటుంది. పని పూర్తయ్యేదాకా సంచి అడుగున మిగిలిన మట్టిని కూడా పారేయకూడదని అప్పుడు అర్థమైంది.

అక్టోబరు 1న ఇంజను విప్పడం మొదలుపెట్టాను. ప్లగ్గు లేకుండా ఎన్నేళ్లు ఉందో ఏమో, ప్లగ్గు రంధ్రం గుండా తేమ దిగి, ఇనుప బోరులో (పిస్టన్ పైకీ కిందికీ కదిలే గొట్టం) పిస్టన్ కదలకుండా పట్టేసింది. డీజిలు పోసి ఐదు రోజులు ఆగాను, కదలలేదు. డీజిలులో పవర్ స్టీరింగ్ నూనె కలిపి ఇంకో రెండు వారాలు నానబెట్టాను. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చెక్క దిమ్మె పెట్టి సుత్తితో నెమ్మదిగా నాలుగు దెబ్బలు వేసి చూసేవాణ్ణి. గట్టిగా కొడదామన్న ఆవేశం ఎన్నిసార్లు కలిగిందో చెప్పలేను. అలా కొట్టివుంటే పిస్టన్ కింద ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోయేది. ఇరవయ్యో రోజున దెబ్బ వేస్తే మారిన చప్పుడు వచ్చింది. పిస్టన్ ఒక నూలుపోగంత కిందికి జరిగింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, సంతోషంతో.

బోరు తీసుకుని లేత్ పనివారి దగ్గరికి వెళితే ఆయన దాన్ని ముట్టుకోకుండానే, "ముందు పిస్టన్ తీసుకురండి సార్, దాన్ని కొలిచాకే బోరు కొడతాను," అన్నారు. నేను బోరు ముందు కొట్టించి, దానికి సరిపడే పిస్టన్ కొందామనుకున్నాను. ఒకే సైజు ముద్ర ఉన్న రెండు పిస్టన్ల మధ్య కూడా నూరోవంతు మిల్లీమీటర్లలో తేడా ఉంటుంది. కాబట్టి దొరికిన పిస్టన్‌ను బట్టి బోరు కొట్టాలి, అంటే లోపలి గోడను ఆ కొలతకు తొలచాలి. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఈ ఇంజను బోరు 65 మి.మీ. అరిగిన కొద్దీ పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోతారు. మాది అప్పటికే 65.50 దగ్గర ఉంది కాబట్టి 65.75 పిస్టన్ వెతకాల్సి వచ్చింది. మైసూరు కర్మాగారం 1996లోనే మూతపడింది. ఇప్పుడు దొరికేవి ఎక్కడో అటక మీద మిగిలిపోయిన పాత సరుకు, లేకపోతే కొత్తగా చేస్తున్న నకళ్లు. పిస్టన్ చేతికి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

పిస్టన్ కదలికతో గుండ్రంగా తిరిగే ఇరుసు, క్రాంక్, సంగతి ఇంకా కష్టమైంది. ఈ ఇంజను క్రాంక్ ఒకే ముక్క కాదు; రెండు చక్రాలను ఒక పిన్ను మీద ప్రెస్సుతో బిగించి చేస్తారు. కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు అరిగితే చక్రాలను ప్రెస్సుతోనే విడదీసి, కొత్త రాడ్డు, పిన్ను వేసి, మళ్లీ బిగించి, ఒంపు లేకుండా డయల్ గేజ్ పెట్టి సరిచేయాలి. ఇంట్లో చేసే పని కాదు. పది రోజుల్లో ఇస్తామన్నారు. మొదట తెచ్చిన నకలు పిన్ను వదులుగా ఉందని వాళ్లే గుర్తించి ఇంకొకటి తెప్పించారు. దాంతో నలభై ఏడు రోజులైంది. ఆ ఆలస్యానికి అప్పట్లో మనసులో విసుక్కున్నాను. తర్వాత ఆలోచిస్తే, వదులు పిన్నుతో పని ముగించి ఇచ్చేవాళ్లూ ఉంటారు కదా అనిపించింది.

క్రాంక్ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ట్యాంకు, క్రోమ్ పనులు చూశాను. ట్యాంకు అడుగున రెండు చిన్న చిల్లులు ఉన్నాయి. లోపలి తుప్పు తీయడం, చిల్లులు పూడ్పించడం ముగిశాకే ట్యాంకు పక్కలకు క్రోమ్ పూయించాలనీ, ఆ తర్వాత వేడి తగిలితే పూత మాడిపోతుందనీ మేస్త్రిగారు చెప్పడంతో ఈ ఒక్క విషయంలో వరస తప్పలేదు. వాషింగ్ సోడా కలిపిన నీళ్లు నింపి, ఇనుప కడ్డీ వేలాడదీసి, బ్యాటరీ ఛార్జరుతో తక్కువ కరెంటు పంపించి రెండు పగళ్లలో తుప్పు వదిలించాను. ఆ సమయంలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఇది పూర్తిగా ఆరుబయట చేయాలి. కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుది అయితే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. మామూలు ఇనుమే వాడాలి. చిల్లులు పూడ్చిన వెల్డరు, ఎంత కడిగినా ట్యాంకులో పెట్రోలు ఆవిరి దాగి ఉంటుందని, నిప్పు చూపించే ముందు దాన్ని నీళ్లతో నింపించారు.

క్రోమ్ వాళ్లు మూడు వారాలన్నారు. పదకొండు వారాలు పట్టింది. మొదటిసారి తీసుకెళితే సైలెన్సర్లు వెనక్కి ఇచ్చేశారు. లోపల పేరుకున్న నూనె, మసి పూత తొట్టిని పాడు చేస్తాయట. ఇంటికి తెచ్చి, లోపలి జల్లెడ గొట్టాలు తీసేసి, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని కాస్టిక్ సోడా నీళ్లతో మూడు సార్లు కడిగాను. కాస్టిక్ సోడా ఇనుమును ఏమీ చేయదు గానీ అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి ఇంజను భాగాలను ఆ దగ్గరకే రానివ్వలేదు. క్రోమ్ పనికి మొత్తం ఇరవై ఒకటిన్నర వేలు అయింది. అందులో సగం పైపైన మెరిసే క్రోమ్‌ది కాదు; గుంటలు పడ్డ రిమ్ములను సాపు చేసినందుకు, కింద వేసే రాగి, నికెల్ పొరలకు అయిన కూలి.

డిసెంబరులో, చేతిలో పని లేక ఊరుకోలేక, ఛాసిస్‌ను పౌడర్ కోటింగుకు (రంగు పొడి చల్లి వేడితో కరిగించి పట్టించే పూత), మడ్‌గార్డులను, పక్క పెట్టెలను, ట్యాంకు మధ్యభాగాన్ని మెరూన్ రంగుకు ఇచ్చేశాను. అప్పటికి బండి ఒక్కసారి కూడా నిలువునా బిగించి చూడలేదు. వెనక మడ్‌గార్డు కొత్త నకలు. దాని రంధ్రాలు మా ఛాసిస్‌కు కలుస్తాయో లేదో పరీక్షించలేదు. ఏ ఏ భాగాలకు రంగు తగలకూడదో చెప్పాలన్న సంగతే నాకు తెలియదు. జనవరి 11న తిరిగి వచ్చిన ఛాసిస్ నల్లగా, అద్దంలా ఉంది. ఇంట్లో అందరం చుట్టూ నిలబడి చూశాం. పని సగం అయిపోయిందనుకున్నాను.

ఆ వారమే క్రాంక్ కూడా వచ్చింది. ఇంజను పెట్టెలో బేరింగులు కూర్చోబెట్టడం నాకు చాలా భయం కలిగించిన పని. సుత్తితో కొట్టి దింపితే పెట్టె పగిలే ప్రమాదం ఉంది. అల్యూమినియం వేడికి ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఆ లక్షణాన్నే వాడుకోవాలి. బేరింగులను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. పొద్దున్నే ఇంజను పెట్టె సగభాగాన్ని హాట్‌ప్లేట్ మీద బోర్లించి, పైన నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేదాకా కాచాను. మందపాటి తొడుగులతో దాన్ని చెక్క మీదకు దించి, బేరింగును గాడికి ఎదురుగా సమంగా పట్టుకుని వదిలాను. ఏ బలమూ లేకుండా జారి, అడుగుకు తగిలి ఠక్కుమంది. చూస్తుండగానే బేరింగు మీది మంచు తుడిచినట్టు మాయమై, వేడి అందుకుని, ఇక వేలితో కదిలించలేనంతగా బిగుసుకుపోయింది. వంకరగా పడితే సరిచేసుకోవడానికి దొరికేది నాలుగైదు క్షణాలే. తక్కిన బేరింగులూ అలాగే దిగాయి. అక్కడ కలిగిన ధీమాతోనే కాబోలు, తర్వాతి పనిలో తొందరపడ్డాను: ఎడమవైపు క్రాంక్ సీలులోకి (నూనె దాటకుండా ఆపే రబ్బరు వలయం) ఇరుసు దూర్చేటప్పుడు రబ్బరు పెదవికి నూనె రాయడం మరిచిపోయాను. దాని ఫలితం ఐదు నెలల తర్వాత తెలిసింది.

ఫిబ్రవరిలో బిగింపు మొదలుపెట్టగానే పౌడర్ కోటింగు అసలు కష్టం బయటపడింది. హ్యాండిలు తిరిగే చోట బేరింగు గిన్నెలు దిగలేదు, లోపల కూడా పూత పట్టింది. ప్రతి మరలోనూ పూత నిండి బోల్టు రెండు చుట్లకే ఆగిపోయింది. మరలు కోసే ట్యాప్ సెట్టు కొని ఒక్కొక్క మరనూ తిరగతోడాను. దాదాపు మూడు వారాల సాయంత్రాలు దానికే పోయాయి. మడ్‌గార్డు రంధ్రాలు ఆరు మిల్లీమీటర్లు పక్కకు ఉన్నాయి. రంగు వేసిన రేకు మీద డ్రిల్లు పెడితే రంధ్రం చుట్టూ రంగు పెచ్చులుగా లేచింది. ఇంజను ఎక్కించేటప్పుడు ఇద్దరం పట్టుకున్నా ఛాసిస్ కింది గొట్టం మీద జానెడు గీత పడింది. ఆ గీత చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది.

చక్రాలకు చువ్వలు అల్లడం మాత్రం నేను భయపడినంత కష్టం కాలేదు. పాత చువ్వలు కోసేముందు రెండు వైపులనుంచీ తీసిన ఫోటోలే గురువులయ్యాయి. చక్రానికి ముప్పై ఆరు చువ్వలు. మొదటిది రెండు రోజులు, రెండోది ఒక పూట పట్టింది.

2024 జూన్ 16న మొదటిసారి కిక్కు కొట్టాను. టూ-స్ట్రోక్ ఇంజను కాబట్టి లీటరు పెట్రోలుకు 50 మి.లీ. టూటీ ఆయిల్ కలిపి పోశాను. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల సందు ఫీలర్ గేజ్‌తో 0.4 మి.మీ.కు పెట్టాను. రవ్వ పడే టైమింగు మాన్యువల్ ప్రకారం సరిచూశాను. ముప్పై కిక్కులైనా ఇంజను ఒక్క దగ్గు దగ్గలేదు. ప్లగ్గు తీసి బోరుకు ఆనించి చూస్తే నిప్పురవ్వ లేదు. మర్నాటి నుంచి నాలుగు సాయంత్రాలు కండెన్సర్, పాయింట్లు, ప్లగ్గు, చివరికి కాయిల్ కూడా మార్చాను. ఐదో సాయంత్రం హారను నొక్కితే హెడ్‌లైటు బల్బులోని తీగ సన్నగా ఎర్రబడింది. హారనుకూ హెడ్‌లైటుకూ సంబంధం ఏమిటని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది: కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లడానికి దారి లేక, దొరికిన తీగల గుండా అడ్డదారిన పోతోంది. బ్యాటరీ ఎర్త్ తీగ బిగించిన చెవి మీద పౌడర్ పూత ఉంది. ఇంజను బోల్టుల కింద కూడా పూతే. కొత్తగా వేయించిన ఆ అందమైన పూత కరెంటును ఎక్కడికక్కడ ఆపేస్తోంది. ఆరు వోల్టుల బండికి ఎర్త్ ఏమాత్రం బలహీనపడినా పనిచేయదు. బ్యాటరీ ఎర్త్ నుంచి నేరుగా ఇంజనుకు ఒక తీగ పట్టుకుని మా అబ్బాయిని కిక్కు తిప్పమన్నాను. ప్లగ్గు కొనలో నీలి రవ్వ చిటపటలాడింది. ఏడు చోట్ల పూత గీకి, తెల్లటి ఇనుము బయటపెట్టి, పెట్రోలియం జెల్లీ రాసి బిగించాను. వైరింగు పని మొదలుపెట్టిన రోజే మల్టీమీటరుతో ఇంజనుకూ బ్యాటరీకీ మధ్య ఒక్కసారి చూసివుంటే ఆ నాలుగు సాయంత్రాలు, మార్చిన సామాను మిగిలేవి.

జూన్ 23, ఆదివారం ఉదయం ఆరో కిక్కుకు ఇంజను అందుకుంది. రెండు సైలెన్సర్ల నుంచి వచ్చిన ఆ చప్పుడు వింటూ కొద్దిసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఆ సంతోషం వారం రోజులు నిలిచింది. టూ-స్ట్రోక్ బండికి పొగ సహజమేనని సర్దుకున్నాను గానీ, వేడెక్కిన తర్వాత కూడా తెల్లటి పొగ తగ్గలేదు. మేస్త్రిగారు వచ్చి సైలెన్సరు దగ్గర వంగి వాసన చూసి, "ఇది టూటీ ఆయిల్ వాసన కాదు బాబూ, గేరాయిల్ కాలుతోంది. మట్టం చూడు," అన్నారు. చూస్తే వారంలో గణనీయంగా తగ్గింది. ఈ ఇంజనులో క్లచ్చుకూ గేరుబాక్సుకూ ఒకటే నూనె. ఎడమ సీలు పాడైతే ఇంజను ఆ నూనెను లోపలికి పీల్చుకుంటుంది. జూలై 7న ఇంజను మళ్లీ దించి, క్లచ్, ప్రైమరీ చైను విప్పి సీలు బయటికి తీస్తే, దాని పెదవి ఒకవైపు లోపలికి మడతపడి ఉంది. తప్పు నాదే. సీలు ధర నూట అరవై రూపాయలు. విప్పి బిగించడానికి నాకు పట్టింది పదహారు రోజులు. ఛాసిస్ మీద గీతలు పెరిగి ఐదయ్యాయి.

అప్పుడు మాత్రం తొందరపడలేదు. ఆగస్టు నెలంతా గీతలతోనే, పెచ్చులూడిన మడ్‌గార్డుతోనే బండిని మా సందులో అటూ ఇటూ తిప్పాను. సైలెన్సరు బిగింపు కొద్దిగా వంకరగా ఉందని, వెనక బ్రేకు కడ్డీ మడ్‌గార్డుకు రాసుకుంటోందని అప్పుడే తెలిసింది. అవన్నీ సరిచేశాకే సెప్టెంబరులో మళ్లీ విప్పి రంగుకు ఇచ్చాను. ఈసారి రంగు తగలకూడని ప్రతి గాడికీ మరకూ నేనే టేపు చుట్టి, రబ్బరు బిరడాలు కొట్టి పంపించాను. రెండోసారి రంగుకు అదనంగా తొమ్మిదిన్నర వేలు అయింది.

లెక్కల పుస్తకంలో బండి ధర కాక మొత్తం 1,37,400 రూపాయలు తేలాయి. మొదట్లో నేను వేసుకున్న అంచనా అరవై వేలు. అంచనాలో నేను అసలు రాసుకోని పద్దు పనిముట్లది: ట్యాప్ సెట్టు, ఇంపాక్ట్ డ్రైవరు, పుల్లర్లు, గేజులు కలిపి పద్దెనిమిది వేలు. బోల్టులు, వాషర్లు, పార్సిలు ఛార్జీలు, ఆటో కిరాయిలు చిల్లరగా కనిపించినా పద్నాలుగు వేలు దాటాయి.

అక్టోబరు 2 తర్వాత ఇప్పటివరకు 312 కిలోమీటర్లు నడిపాను. కొత్త బోరు కాబట్టి గంటకు యాభై దాటడం లేదు. ప్రతి ఇరవై కిలోమీటర్లకు ఆపి చల్లారనిస్తున్నాను. నిన్న ప్లగ్గు తీసి చూశాను. పింగాణీ కాఫీపొడి రంగులో, పొడిగా ఉంది. గేరాయిలు మట్టం గీత దగ్గరే నిలిచింది. ముందు ఫోర్కు కుడి కాలి మీద మాత్రం నూనె చెమ్మ కనిపిస్తోంది. కొత్త సీళ్లు తెప్పించి పెట్టుకున్నాను, వచ్చే ఆదివారం విప్పుతాను. సీళ్ల పొట్లం పక్కనే చిన్న నూనె సీసా కూడా పెట్టాను.